సొంత డాక్ దగ్గరే బోటుకి పెట్రోలు: ఎవరైనా పోసుకుంటున్నారా?

నార్మన్ ఒడ్డు:

అందరికీ నమస్కారమండీ. మేం నార్త్ కెరొలైనాలో, షార్లెట్‌కి ఉత్తరాన, లేక్ నార్మన్ ఒడ్డున ఉంటాం. పోయిన చలికాలంలో ఇల్లు కొన్నాం. వెనక డాక్ ఉంది, అంటే బోటు కట్టుకునే చిన్న వంతెన. పాత ఓనరు తన 2016 పాంటూన్ బోటు (గాలి గొట్టాల మీద తేలే బల్లపరుపు బోటు) కూడా మాకే అమ్మేసి వెళ్లాడు. వెనక బయట తగిలించిన 115 హార్స్‌పవర్ ఔట్‌బోర్డు మోటారు, వెనక సీటు కింద 25 గ్యాలన్ల ట్యాంకు.

ఇన్నాళ్లూ మరీనాకి, అంటే బోట్ల రేవుకి, వెళ్లే పోయించుకుంటున్నాం. శనాదివారాలు అక్కడ క్యూ చూస్తే తిరుపతి గుర్తొస్తోంది. రేటు కూడా రోడ్డు మీది బంకు కంటే గ్యాలనుకి డాలరు పైనే ఎక్కువ. బంకులో ఎర్ర క్యాన్లు నింపుకొచ్చి మా డాక్ మీదే పోసుకుంటే ఏమవుతుందని నా ఆలోచన.

మా మామగారు రాజోలు నుంచి వచ్చి ఉన్నారు. "దీనికింత ఆలోచనేంటి అల్లుడూ, గరాటు పెట్టి పోసెయ్యడమే" అంటున్నారు. మా ఆవిడేమో ఇంటి దగ్గర పెట్రోలు మాటెత్తితే ఒప్పుకోవట్లేదు. వచ్చే శనివారం బోటుకి పూజ పెట్టుకున్నాం, బంధువులు వస్తున్నారు, అప్పటికి ట్యాంకు నిండుగా ఉండాలి.

ఇంకో సంగతి. పక్కింటాయన 19 అడుగుల బౌరైడర్ (ముందు భాగంలో కూడా సీట్లుండే బోటు) అమ్ముతానంటున్నాడు. స్టెర్న్‌డ్రైవ్, అంటే ఇంజను లోపల మూత కింద ఉంటుంది కదా, ఆ రకం. అది కొంటే దానికీ ఇదే పద్ధతి సరిపోతుందా?

అంతర్వేది పిల్లోడు:

మీ మామగారి మాటే కరెక్టు బ్రో. మా నాన్నకి అంతర్వేది దగ్గర ఇంజిన్ బోటు ఉండేది. డ్రమ్ములోంచి పైపుతో లాగి, గరాటులో పోసి, వేటకి వెళ్లిపోయేవాళ్లు. పక్కన ఎవడో చుట్ట కాలుస్తూనే ఉండేవాడు. ఎప్పుడూ ఏమీ కాలేదు. అమెరికా వచ్చాక మనకి అన్నిటికీ భయమే.

కాకినాడ చీఫ్:

అంతర్వేది తమ్ముడూ, మీ నాన్నగారు పోసింది డీజిలు. నార్మన్ బాబు పోయబోతున్నది పెట్రోలు. బోటు విషయంలో ఈ రెండింటికీ పోలికే లేదు.

నేనెవరో చెప్పి మొదలెడతాను. మాది కాకినాడ. మర్చంట్ నేవీలో ప్రోడక్ట్ ట్యాంకర్ల మీద ఇంజనీరుగా చేరి, చీఫ్‌గా రిటైరయ్యాను. అంటే పెట్రోలు, కిరసనాయిలు, నాఫ్తా మోసే ఓడలు. ఇప్పుడు జార్జియాలో లేక్ లేనియర్ దగ్గర మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాం. వాడికీ పాంటూనే. అందులో పెట్రోలు పోసే పని నాది. వాడికి అప్పగించను.

డీజిలు దాదాపు 52 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ నిప్పంటుకునేంత ఆవిరి వదలదు. అందుకే గోదావరి లాంచీలవాళ్లు, వేట బోట్లవాళ్లు అంత ధైర్యంగా ఉండగలిగారు. చుట్ట కాల్చడం అప్పుడూ తప్పే, అది వేరే మాట. పెట్రోలుకి ఆ అంకె సున్నాకి 40 డిగ్రీలు కింద ఉంటుంది. అంటే మీ నార్త్ కెరొలైనాలో ఏ చలికాలంలోనైనా సరే, క్యాను మూత తీయగానే అంటుకునే ఆవిరి బయటికొచ్చేస్తుంది. గాలిలో ఆ ఆవిరి నూటికి ఒకటిన్నర పాలు నుంచి ఏడున్నర పాలు దాకా కలిస్తే చాలు, ఒక్క నిప్పురవ్వతో భగ్గుమంటుంది.

ఆ ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి తేలి పోదు. నీళ్లలాగే పల్లానికి జారి, బోటు అడుగున నీళ్లు చేరే బిల్జ్ అనే చోటికో, సీటు కింద పెట్టెలోకో చేరి కూర్చుంటుంది. కారుకి అడుగు తెరిచే ఉంటుంది కాబట్టి బంకులో ఒలికినా గాలికి కొట్టుకుపోతుంది. బోటంటేనే నీళ్లు లోపలికి రాకుండా కట్టిన తొట్టి. లోపలికి దిగిన ఆవిరి బయటికీ పోదు.

ఇంకో లెక్క. మీరు ట్యాంకులో 5 గ్యాలన్లు పోస్తే, అప్పటిదాకా అక్కడున్న 5 గ్యాలన్ల ఆవిరి గాలి వెంట్‌లోంచి, అంటే ట్యాంకు గాలి వదిలే రంధ్రంలోంచి, బయటికి రావాలి. లేకపోతే పెట్రోలు లోపలికి దిగదు. ఒక్క చుక్క ఒలకకుండా పోసినా ఆ 5 గ్యాలన్ల ఆవిరి మీ కాళ్ల దగ్గరే ఉంటుంది. "మేం జాగ్రత్తగా పోశాం" అనేవాళ్లు ఇది మర్చిపోతారు.

అందుకని నన్నడిగితే, పోసేటప్పుడు ఉన్న భయం సగమే. పోసిన తర్వాత తాళం తిప్పే క్షణం అసలైనది. మనుషులు పోసేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు, మూత బిగించగానే పని అయిపోయిందనుకుని "ఎక్కండర్రా" అంటారు.

ఇక మీ రెండు బోట్లూ ఒకటి కావు. పాంటూన్‌కి ఔట్‌బోర్డు, ఇంజను బయట గాలిలో వేలాడుతోంది. మీ డాక్ మీద పోసుకోవచ్చు, పద్ధతిగా అయితే. బౌరైడర్‌కి ఇంజను పెట్టెలో ఉంది, ట్యాంకు నేల కింద ఉంది. దానికి మాత్రం మరీనాకే వెళ్లండి. డాలరు కోసం చూసుకోవద్దు. అక్కడ సరైన పంపు, గొట్టం, మంటలార్పే సామాను, చూసే మనిషి ఉంటారు. మన పెరట్లో మనమూ మన చుట్టాలూ ఉంటారు.

మేం పాంటూన్‌కి ఎలా పోస్తామో చెప్తాను. పొద్దున్నే పోస్తాం. చల్లగా ఉంటుందని కొంత, అసలు కారణం అలలు. ఎండెక్కితే వేక్‌బోట్లు మొదలవుతాయి. అవి లేపే అలకి డాక్ ఒకవైపు, బోటు ఒకవైపు ఊగుతుంటే చేతిలో 5 గ్యాలన్ల క్యాను పట్టుకుని నిలబడ్డం నా వయసువాడి పని కాదు, మీ వయసువాడి పనీ కాదు. అందులో పెట్రోలే 30 పౌన్లుంటుంది. బోటు లిఫ్ట్ మీద ఉంటే ముందే నీళ్లలోకి దింపి, ముందూ వెనకా తాళ్లతో బిగించి కడతాం. లిఫ్ట్ మీద ఉంచి పోయాలంటే క్యాను భుజం దాకా ఎత్తాల్సొస్తుంది.

క్యాను డాక్ మీదకి రాకముందే కరెంటు పనులన్నీ అయిపోవాలి. తాళం తీసి జేబులో. బ్యాటరీ స్విచ్చి ఆఫ్. పాటల పెట్టె, డాక్ మీది చిన్న ఫ్రిజ్, ఫ్యాను, అన్నీ అప్పుడే ప్లగ్ పీకేస్తాను. మూత తీశాక గుర్తొచ్చి పీకితే ఆ పీకడంలోనే నిప్పురవ్వ వస్తుంది. మనవలు, కుక్క, చుట్టాలు అందరూ గడ్డి మీదకి. బోటులో ఒక్కరు కూడా ఉండకూడదు. పక్క డాక్‌లో ఎవరైనా గ్రిల్ వెలిగించారేమో ఒకసారి చూస్తాను. వెలిగిస్తే ఆ పూట మానేస్తాను.

పోసే ముందు చేత్తో డాక్ మీది ఇనుప స్తంభాన్నో బోటు అల్యూమినియం రైలింగునో ముట్టుకోండి, ఒంట్లో ఉన్న స్టాటిక్ కరెంటు పోవడానికి. క్యాను మూతి ట్యాంకు మూతికి ఆనించే పోయండి, పైనుంచి ధార కట్టొద్దు. సెల్‌ఫోన్ పేలుతుందని భయపెడతారు గానీ నా భయం వేరు. ఫోన్ చూస్తూ పోసేవాడు వెంట్ చూడడు. గాలి ఎటునుంచి వస్తుందో అటు నిలబడండి. గాలి బొత్తిగా లేకపోతే ఆవిరి అక్కడే కూర్చుంటుంది కాబట్టి ఇంకా నిదానం కావాలి.

మా ఆవిడ వెంట్ దగ్గర నూనె పీల్చే తెల్ల గుడ్డ పట్టుకుని నిలబడుతుంది. ట్యాంకు నిండే కొద్దీ శబ్దం సన్నబడుతుంది, ఆవిడ "చాలు" అంటే ఆపేస్తాను. నూటికి తొంభై పాళ్లకి మించి నింపం. మీ 25 గ్యాలన్ల ట్యాంకుకి 22 దగ్గర ఆపండి. పెట్రోలు వేడికి పెరుగుతుంది. పొద్దున్న చల్లగా పోసిన 20 గ్యాలన్లు మధ్యాహ్నానికి 15 డిగ్రీలు వేడెక్కితే దాదాపు లీటరు పెరుగుతాయి. చోటు లేకపోతే ఆ లీటరు వెంట్‌లోంచి సరస్సులోకి పోతుంది. బంధువుల కోసం "నిండుగా" అన్నారు కదా, నిండుగా వద్దు.

పోశాక మూత బిగించి, ఖాళీ క్యాను ఒడ్డుకి పంపించి, ట్యాంకు మీది సీటు మూత తెరిచి పెట్టి కాసేపు కూర్చుంటాం. ఆ తర్వాత ముక్కు కిందికి వంచి, అడుగున వాసన చూడాలి. కోవిడ్ వచ్చి పోయాక నాకు వాసన సరిగా తెలియడం లేదు, కాబట్టి ఆ డ్యూటీ కూడా మా ఆవిడదే. ట్యాంకర్ మీద ఇదే పనికి మీటరు ఉండేది. ఇంట్లో ఆ మీటరు పేరు సుబ్బలక్ష్మి. ఆవిడ సరేనంటే బ్యాటరీ స్విచ్చి, తర్వాత తాళం, ఇంజను బాగా నడిచిందని చూశాకే మనవలు ఎక్కుతారు.

పూజ సంగతి. కొబ్బరికాయ కొట్టండి, నిమ్మకాయలు కట్టండి, పసుపు కుంకాలు పెట్టండి, ఎవరొద్దంటారు. కర్పూరం, అగరొత్తులు మాత్రం ఒడ్డు మీద. పెట్రోలు ముందురోజే పోసేసి ఉంచండి. పోసిన పూటే హారతి పళ్లెం పట్టుకుని బోటెక్కకండి.

నీళ్ల ల్యాబ్:

చీఫ్ గారు చెప్పింది నిప్పు గురించి. నేను నీళ్ల గురించి ఒక్క మాట చేరుస్తాను. నేను వేరే రాష్ట్రంలో తాగునీటి ల్యాబ్‌లో పనిచేస్తాను. నార్మన్ గారూ, మీరు బోటు తిప్పే సరస్సులోంచీ, దాని దిగువనున్న మౌంటెన్ ఐలాండ్ లేక్‌లోంచీ షార్లెట్ తాగునీళ్లు తోడుకుంటుంది. పెట్రోలులో బెంజీన్ ఉంటుంది. తాగేనీళ్లలో దానికి ఇక్కడి ప్రభుత్వం పెట్టిన హద్దు లీటరుకి 5 మైక్రోగ్రాములు. ల్యాబ్‌లో కూర్చుంటే ఆ అంకె ఎంత చిన్నదో తెలుస్తుంది.

కాసిని చుక్కలు పడితే నీళ్ల మీద ఇంద్రధనుస్సు రంగులు తేలతాయి చూడండి. అప్పుడు చాలామంది చేసే పని, వంటింట్లోంచి గిన్నెల సబ్బు తెచ్చి చల్లడం. రంగు మాయమవుతుంది, మనసు కుదుటపడుతుంది. పెట్రోలు మాత్రం ఎక్కడికీ పోలేదు, సబ్బుతో కలిసి నీళ్లలోకి దిగింది. చేపలకి ఇప్పుడు రెండు విషాలు. పైగా అలా సబ్బు చల్లడం చట్టరీత్యా నేరం. రంగు తేలేంత ఒలికితే ప్రభుత్వంవారి నేషనల్ రెస్పాన్స్ సెంటర్‌కి చెప్పాలి, నంబరు 1-800-424-8802. ఫోన్ చేస్తే పోలీసులొచ్చి పట్టుకుపోతారేమోనని మనవాళ్లు జంకుతారు. వాళ్లడిగేది ఎక్కడ, ఎంత, ఏమిటి అనే. చెప్పకుండా దాచడమే తప్పు.

చీఫ్ గారి తెల్లగుడ్డలు మామూలు గుడ్డలు కావండి. నీళ్లు పీల్చకుండా నూనె ఒక్కటే పీల్చే రకం, మరీన్ షాపుల్లో కట్టలుగా అమ్ముతారు. నాలుగు చుక్కలకి అవి చాలు. క్యానే బోర్లా పడితే మాత్రం గుడ్డ పట్టుకుని వంగకండి, నీళ్ల మీద కూడా ఆ ఆవిరి అంటుకుంటుంది. అందర్నీ తీసుకుని ఒడ్డుకి వెళ్లి 911కి చెప్పండి. వాడిన గుడ్డలు ఇంటి చెత్తబుట్టలో కాదు, కౌంటీవాళ్లు ప్రమాదకరమైన చెత్త తీసుకునే చోట ఇవ్వాలి. పెట్రోలు పడ్డ బట్టలు డ్రయ్యర్లో వేయొద్దు.

అంతర్వేది పిల్లోడు:

సరే చీఫ్ గారూ, డీజిలు మాట ఒప్పుకుంటున్నా. మరి మా ఊళ్లో ఇప్పుడు చిన్న ఫైబర్ బోట్లకి పెట్రోలు ఇంజన్లు కూడా పెడుతున్నారుగా, వాళ్లకేం కావట్లేదుగా?

కాకినాడ చీఫ్:

వాటికి డెక్ లేదు, మూత లేదు, ఆకాశమే కప్పు. ఒలికినా గాలికి పోతుంది. మీ వాళ్లు ట్యాంకు ఒడ్డుకి దింపి నింపుకుంటే ఇంకా మంచిది. ఇక్కడ కూడా చేత్తో ఎత్తగల ట్యాంకున్న చిన్న బోట్లకి రూలు అదే: ట్యాంకు బోటులోంచి తీసి, నేల మీద పెట్టి నింపి, మళ్లీ ఎక్కించుకోవాలి. అంతర్వేది బోటు అంతా గాలికి తెరిచే ఉంది. బౌరైడర్ ఇంజను పెట్టెలో ఉంది. నేను మూతలున్న బోట్ల గురించి మాట్లాడుతున్నాను.

ట్రావిస్ తెలుగోడు:

ఆస్టిన్ నుంచి. మంటలార్పే సిలిండరు గురించి ఎవరూ అనలేదు కాబట్టి చెప్తున్నా. 2022 ఏప్రిల్ 20 నుంచి కోస్ట్‌గార్డు రూలు మారింది. ఒకసారి వాడి పారేసే రకం సిలిండరు తయారైన ఏడాది నుంచి 12 ఏళ్లకి చెల్లదు, దాని మీటరు ముల్లు పచ్చలో ఉన్నా సరే. సీసా తిరగేస్తే అడుగున ఏడాది పొడిచి ఉంటుంది, 16 అని ఉంటే 2016. 2018 మోడల్ నుంచి వచ్చిన బోట్లకి 5-బి లేదా 20-బి అని (ఎంత మంట ఆర్పగలదో చెప్పే గుర్తు) రాసి ఉన్నవే కావాలి. నార్మన్ గారిది 2016 కాబట్టి పాత బి-1 రకం చెల్లుతుంది, గడువు దాటకపోతే. నేనైతే 5-బి కొనేస్తాను, పెద్ద ఖర్చు కాదు. అది పెట్రోలు పోసే మనిషికి చేతికందేలా డాక్ మీద ఉండాలి, బోటులో సీటు కింద కాదు. మంట సీటు కిందే ఉంటే ఎలా తీస్తారు?

ఇంకోటి. బంకులో 15 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు కాస్త చవకగా కనపడుతుంది. బోటులో అది పోయడం నిషేధం. 10 శాతం దాకా పర్వాలేదు. లేక్ చుట్టుపక్కల ఇథనాల్ లేనిది దొరికితే అదే మేలు. ఇథనాల్ నీటిని పీల్చుకుని ట్యాంకు అడుగున వేరే పొరగా దిగిపోతుంది, తర్వాత మెకానిక్ బిల్లు.

నార్మన్ ఒడ్డు:

అమ్మో, ఇంత సమాచారం వస్తుందనుకోలేదు. అందరికీ థాంక్స్. మా ఆవిడ చీఫ్ గారి పోస్టు మామగారికి చదివి వినిపించింది. ఆయన డీజిలు సంగతి విని "అవునొరేయ్, అది ఆలోచించలేదు" అన్నారు. ఇంట్లో శాంతి నెలకొంది.

మిగిలిన సందేహాలు: క్యాన్లు కార్లో ఎలా తేవాలి, గరాజ్‌లో ఉంచొచ్చా? కుదిపితే దానంతటదే లాగే సైఫన్ పైపు ఒకటి తెప్పించాను, గరాటు కంటే అది నయమా?

కాకినాడ చీఫ్:

గరాజ్‌లోకి వెళ్లి మీ వాటర్ హీటరు చూడండి. గ్యాసుదైతే చాలా ఇళ్లలో దాన్ని ఎత్తు దిమ్మ మీద పెట్టి ఉంటారు. దాని మంట నేలకి 18 అంగుళాల పైన ఉండాలని రూలు. కారణం ఇందాక చెప్పినదే. పెట్రోలు ఆవిరి నేల మీద పాకుతుంది, మంట ఎత్తులో ఉంటే అందదు. అంత ఏర్పాటున్న చోట మనం వెళ్లి క్యాన్లు దాచడం ఎందుకు? పెట్రోలు దాచే పనే పెట్టుకోకండి. ఎంత పోయాలో అంతే తెచ్చి, తెచ్చిన పూటే పోసేయండి. ఒకసారికి రెండు క్యాన్లు, అంతకంటే వద్దు. మిగిలితే ఇంటికి ఆనకుండా ఉన్న షెడ్‌లో, ఎండ తగలకుండా పెట్టండి.

బంకు దగ్గర క్యాను కార్లోంచి దింపి నేల మీద పెట్టే నింపాలి. పికప్ వెనక సామాను తొట్టిలో ప్లాస్టిక్ షీటు పరిచి ఉంటుంది, దాని మీద పెట్టి నింపితే స్టాటిక్‌కి పోయే దారి ఉండదు, అలా అంటుకున్న కేసులు ఇక్కడ బాగానే ఉన్నాయి. పంపు మూతి క్యాను మూతికి ఆనించి ఉంచండి. క్యాను కూడా అంచు దాకా నింపొద్దు. కర్మం చాలక మంట వస్తే పంపు మూతి బయటికి లాగొద్దు, అలాగే వదిలేసి పక్కకి వెళ్లి లోపలివాళ్లకి చెప్పండి, వాళ్ల దగ్గర ఆపే బటన్ ఉంటుంది. ఎండలో వచ్చిన క్యాను ఉబ్బి ఉంటుంది, మూత ఒక్కసారి తీస్తే మొహం మీదకి చిమ్ముతుంది. నెమ్మదిగా, బుస్సుమనడం ఆగేదాకా.

సైఫన్ పైపు మంచిదే, నోటితో లాగే అలవాటు మాత్రం ఎవరికైనా ఉంటే ఆ రోజుతో మానెయ్యాలి. క్యాను ట్యాంకు మూతి కంటే ఎత్తులో ఉంటేనే అది పారుతుంది. దానితో ఉన్న చిక్కు ఏంటంటే, మొదలయ్యాక దానంతటది ఆగదు. ట్యాంకు నిండినా పోస్తూనే ఉంటుంది. కాబట్టి ఒక చెయ్యి ఎప్పుడూ పైపు మీదే, సుబ్బలక్ష్మి లాంటి మనిషి వెంట్ దగ్గర. బ్యాటరీ పంపు కొంటే పెట్రోలుకి అని రాసి ఉన్నదే కొనండి, నీళ్ల పంపు వద్దు. గరాటు ఊరికే పొర్లుతుంది, నాకు నచ్చదు.

ఇంకా ఒకటి. మీ పేపర్లు చదవండి. మా లేనియర్ ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ చేతిలో ఉంది. పెట్రోలు బోటు ట్యాంకులో, బండి ట్యాంకులో, లేదా అందుకే చేసిన చేతి క్యానులో తప్ప ఇంకోలా తెచ్చినా, దాచినా వాళ్ల రాతపూర్వక అనుమతి కావాలి. మీ నార్మన్ ఒడ్డు డ్యూక్ ఎనర్జీ అజమాయిషీలో ఉంది. డాక్ పర్మిట్‌లో ఏం రాశారో, కాలనీవాళ్ల రూల్స్ ఏమిటో, ఇంటి ఇన్సూరెన్స్ ఏమంటుందో చూసుకున్నాకే మొదలెట్టండి. ఎక్కడన్నా "వద్దు" అని ఉంటే మరీనా క్యూలో నిలబడ్డమే.

నీళ్ల ల్యాబ్:

చిన్న ప్రశ్న చీఫ్ గారూ. వాసన వచ్చిందనుకోండి, సుబ్బలక్ష్మి గారు "వస్తోంది" అన్నారు. అప్పుడేం చేస్తారు?

కాకినాడ చీఫ్:

ఏ స్విచ్చీ ముట్టుకోను, బ్యాటరీ స్విచ్చి కూడా. మూతలన్నీ తెరిచి దిగిపోతాను. ఔట్‌బోర్డు పాంటూన్‌లో గాలి ఆడితే కాసేపటికి పోతుంది, మళ్లీ చూస్తాం. పోకపోతే ఎక్కడో గొట్టం కారుతోందన్నమాట, మెకానిక్ రావాలి. అడుగున పెట్రోలే కనిపిస్తే ఇంకో ప్రమాదం ఉంది. బిల్జ్ పంపులు కొన్ని నీళ్లు చేరగానే వాటంతటవే నడుస్తాయి. వాటికి నీళ్లకీ పెట్రోలుకీ తేడా తెలియదు, తీసుకెళ్లి మీ సరస్సులో పోసేస్తాయి.

నార్మన్ ఒడ్డు:

అప్‌డేట్ ఇస్తున్నా. పర్మిట్ కాగితాలు, కాలనీ రూల్స్ చూశాను, మాకు అడ్డేమీ లేదు. ఇన్సూరెన్స్ ఏజెంటుకి మెయిల్ పెట్టాను, జవాబు రావాలి. అది వచ్చేదాకా మరీనానే. పూజకి 22 గ్యాలన్ల దగ్గర ఆపించాను, అక్కడి కుర్రాడు "ఫుల్ చేయనా" అని రెండుసార్లు అడిగాడు.

బౌరైడర్ చూడ్డానికి కూడా వెళ్లాను. 2004 మోడల్. ఇంజను పెట్టెలో బ్లోయర్ (ఆవిరిని బయటికి లాగే ఫ్యాను) ఉంది, స్విచ్చి వేస్తే మోగుతోంది. తాళం దగ్గర స్టిక్కరు కూడా ఉంది, ఇంజను తిప్పే ముందు 4 నిమిషాలు బ్లోయర్ నడపాలని. పక్కింటాయన అన్నీ బాగున్నాయంటున్నాడు. పోయినేడు స్టార్టరు కూడా కొత్తది వేయించాడట, కార్ల పార్టుల షాపులో చవగ్గా దొరికిందని సంతోషంగా చెప్పాడు.

కాకినాడ చీఫ్:

ఆగండాగండి. ఆయన సంతోషంగా చెప్పిందే నాకు భయం పుట్టించింది. లోపల ఇంజనున్న బోట్లకి స్టార్టరు, ఆల్టర్నేటరు, డిస్ట్రిబ్యూటరు వేరే రకం ఉంటాయి. లోపల పుట్టే నిప్పురవ్వ బయటి ఆవిరిని అంటించకుండా మూసి చేస్తారు. కారు స్టార్టరు చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, బోల్టులు కూడా సరిపోతాయి, ధర సగం ఉంటుంది, నిప్పురవ్వ బయటికొస్తుంది. కార్లో పర్వాలేదు, కిందంతా గాలి. బోటు పెట్టెలో వద్దు. పాత బోట్లు కొనేవాళ్లు ఇంజను ఎన్ని గంటలు నడిచిందని అడుగుతారు గానీ ఇది అడగరు.

బ్లోయర్ మోగితే గాలి లాగుతున్నట్టు కాదు. బయట గాలి వదిలే రంధ్రం దగ్గర చెయ్యి పెట్టి చూశారా? దాని గొట్టం చివర ఇంజను పెట్టెలో అడుగు దాకా ఉందా, మధ్యలో ఊడిపోయి పైనే వేలాడుతోందా? పైన వేలాడితే మంచి గాలిని లాగుతుంది, ఆవిరి కిందే ఉంటుంది. పెట్రోలు పోసే మూతి నుంచి ట్యాంకుకి వెళ్లే లావు రబ్బరు గొట్టం కూడా వంచి చూడండి. 2004దే ఇంకా ఉంటే పగుళ్లుంటాయి. పగిలిన గొట్టంలో పోస్తే మీరు ట్యాంకులో పోస్తున్నామనుకుంటారు, అది బిల్జ్‌లోకి పోతుంటుంది.

నార్మన్ ఒడ్డు:

ఇప్పుడే వెళ్లొచ్చాను. చెయ్యి పెట్టి చూశాను, గాలి దాదాపు లేదు. మూత ఎత్తి చూస్తే బ్లోయర్ గొట్టం ఊడిపోయి ఇంజను పక్కన పడి ఉంది. పక్కింటాయన పాపం నిజంగానే ఎరగడు, ఆయన మొహం పాలిపోయింది. గొట్టం తనే మార్పిస్తాడట, ధరలో 500 డాలర్లు తగ్గిస్తాడట. స్టార్టరు సంగతి మాత్రం ఆయనకి తెలియదు, బిల్లు పారేశాడు. దాన్ని చూసి ఎలా గుర్తుపట్టాలి?

కాకినాడ చీఫ్:

బిల్లు లేకపోయినా స్టార్టరు ఒంటి మీద చీటీయో, పోతపోసిన అక్షరాలో ఉంటాయి. ఇగ్నిషన్ ప్రొటెక్టెడ్ (నిప్పురవ్వ బయటికి రాని రకం) అనో, ఎస్‌ఏఈ జె1171 అనో ఉంటే సరే. ఏమీ లేకపోతే కారుదనే అనుకుని మార్పించాల్సిందే, ఆ ఖర్చు కూడా ఆయన ధరలోంచి తగ్గించమనండి. ముందు పెట్టె మూత బాగా తెరిచి ఉంచి, బ్యాటరీ వైరు ఊడదీయించి, అప్పుడు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. పార్టు నంబరు కనపడేలా తీయండి, నేను వెతికి చెప్తాను.